సొంత ట్యూబా కొనుక్కోవాలి, ఏది మంచిది? – నా అనుభవం నుంచి జవాబు

తమ్ముడూ, మూడేళ్లుగా చర్చివాళ్ల మూడు వాల్వుల (వేలితో నొక్కే మీటల) ట్యూబా మీద, అంటే బ్యాండులో బేసు వాయించే పెద్ద ఇత్తడి బాకా మీద, నేర్చుకున్నావు. ఇప్పుడు సొంతానికి ఒకటి కొనాలి. బీ ఫ్లాట్ శ్రుతిదా ఈ ఫ్లాట్ శ్రుతిదా, మీరట్‌దా చైనాదా, లేక సెకండ్ హ్యాండ్ యమహానా అని అడిగావు. నా మాట ముందే చెప్పేస్తాను. నాలుగో వాల్వు ఉన్నదే కొను. డబ్బు చాలకపోతే కొత్తది కావాలన్న ఆశ మానుకో, మెరుపు మానుకో, అవసరమైతే కొన్నాళ్లు ఆగు. ఆ ఒక్కటి మాత్రం వదులుకోవద్దు.

నేను విశాఖలో నేవీ బ్యాండు నుంచి రిటైరైన ఒక మాస్టారి దగ్గర నేర్చుకున్నాను. పెళ్లి ఊరేగింపుల్లోనూ చర్చిలోనూ బేసు వాయిస్తూనే ఉన్నాను. కుర్రాళ్లు కొనుక్కొచ్చిన వాయిద్యాలు చాలానే ఊది చూశాను. మంచి ఊపిరి ఉన్న పిల్లలు కూడా కింది స్వరాల దగ్గర నీరసపడిపోతారు. లోపం తమదే అనుకుంటారు. చాలాసార్లు అది వాయిద్యంలో ఉంటుంది.

సంగతేమిటంటే, వాల్వు నొక్కితే గాలి దాని వెనకున్న అదనపు గొట్టంలోంచి కూడా తిరిగి వెళ్తుంది, స్వరం కిందికి దిగుతుంది. ఒక్కో వాల్వు వెనకున్న గొట్టాన్ని ఆ వాల్వు ఒక్కదాన్నే నొక్కినప్పుడు సరిపోయేలా కొలిచి పెడతారు. మొదటిదీ మూడోదీ కలిపి నొక్కావనుకో, వాయిద్యం అప్పటికే పొడవెక్కి ఉంటుంది కాబట్టి ఆ రెండు గొట్టాలూ చాలవు. స్వరం పైకి ఎగబాకుతుంది. మూడూ కలిపి నొక్కితే ఇంకా దారుణం. పెదవులు వదులు చేసి శ్రుతిని కిందికి లాగడం నువ్వు అలవాటు చేసుకునే ఉంటావు. దాంతో ధ్వని పలచబడిపోతుంది. నాలుగో వాల్వు ఉంటే 1, 3 నొక్కాల్సిన చోట 4 ఒక్కటే నొక్కుతావు. 1, 2, 3 కలిపి నొక్కాల్సిన చోట 2, 4 చాలు. బిగపట్టకుండా నిండుగా ఊదొచ్చు.

ఇప్పుడు బీ ఫ్లాటా ఈ ఫ్లాటా అన్నది చూద్దాం. మన బ్యాండు పాటలు ఎక్కువగా బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్, ఎఫ్ శ్రుతుల్లోనే నడుస్తాయి. మూడు వాల్వుల ఈ ఫ్లాట్ ట్యూబా మీద కింది బీ ఫ్లాట్ 1, 3 మీద పడుతుంది. దాని పైనున్న ఎఫ్ కూడా 1, 3 మీదే పడుతుంది. అంటే పాటకు ఆధారమైన స్వరాలే తప్పుగా పలుకుతాయన్నమాట. బీ ఫ్లాట్ ట్యూబా మీద ఆ రెండూ ఏ వాల్వూ నొక్కకుండానే వస్తాయి. అందుకని తప్పనిసరి పరిస్థితుల్లో మూడు వాల్వులదే తీసుకోవలసి వస్తే బీ ఫ్లాట్ తీసుకో. మూడు వాల్వుల ఈ ఫ్లాట్ చవగ్గా దొరికినా వద్దు. నాలుగు వాల్వులైతే ఈ ఫ్లాట్ కూడా చక్కటి ఎంపికే. బీ ఫ్లాట్ గొట్టం విప్పి చాపితే దాదాపు 18 అడుగులు ఉంటుంది, ఈ ఫ్లాట్‌ది 13 అడుగులు. ఈ ఫ్లాట్‌లో నింపాల్సిన గాలి తక్కువ, బరువూ తక్కువ. నువ్వు సన్నగా ఉంటానన్నావు, ఆటోలో తిరుగుతానన్నావు. పెద్ద బీ ఫ్లాట్ 9, 10 కిలోలు తూగుతుంది, కేసుతో ఇంకా ఎక్కువ. అది ఆలోచించుకో.

యమహాలో నాలుగు వాల్వుల మామూలు మోడళ్లు బీ ఫ్లాట్‌లో వైబీబీ-321, ఈ ఫ్లాట్‌లో వైఈబీ-321. నాలుగు పిస్టన్లూ (పైకీ కిందికీ కదిలే వాల్వులు) పైన వరసగా ఉంటాయి. నాలుగోది చిటికెనవేలుతో నొక్కాలి, మొదట్లో వేలు నొప్పెడుతుంది, తర్వాత గట్టిపడుతుంది. దీనికి పైమెట్టు కాంపెన్సేటింగ్ పద్ధతి. నాలుగో వాల్వు నొక్కి ఉండగా మిగతావి నొక్కినప్పుడు చాలని గొట్టం దానంతటదే కలిసేలా ఉంటుంది. ఇంగ్లండులో డేవిడ్ బ్లెయిక్లీ 1874లో కనిపెట్టాడు. బెస్సన్ కంపెనీ ఈ ఫ్లాట్‌లు ఈ పద్ధతిలో పేరుపొందాయి. అయితే ధర చాలా ఎక్కువ, బరువూ ఎక్కువ. నీకు ఇప్పుడే అక్కర్లేదు.

రోటరీ వాల్వులవి (నొక్కితే గుండ్రంగా తిరిగేవి) కూడా దొరుకుతాయి. బాగుంటాయి గానీ మన ఊళ్లో వద్దంటాను. పిస్టన్‌ను నువ్వే విప్పి, కడిగి, నూనె వేసి, దాని మీద చెక్కిన అంకె చూసి మళ్లీ అదే గూట్లో పెట్టుకోవచ్చు. రోటరీ మొరాయిస్తే చేయి తెలిసిన రిపేరు మనిషి కావాలి.

కొత్తదా, వాడిందా? కొత్త యమహా లక్షల్లో ఉంటుంది. బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, రవాణా ఖర్చు అదనం. మీరట్ బ్యాండు వాయిద్యాలకు పుట్టిల్లు. దేశంలోని పెళ్లి బ్యాండ్లు చాలావరకు అక్కడి సరుకు మీదే బతుకుతున్నాయి, ఆ పనివాళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ చేత్తో చేసే పని కాబట్టి ఒకటి బాగుంటే పక్కది బాగుండకపోవచ్చు. చైనావాటిలోనూ అదే తేడా. ఫొటో చూసి పార్శిల్ తెప్పించుకోవద్దు. ఊది చూసే వీలుంటేనే డబ్బివ్వు. నా లెక్కలో మంచి స్థితిలో ఉన్న వాడిన యమహాకే ఓటు.

వాడినదాంతో ఒక ప్రమాదముంది, దీని గురించి ఎవరూ చెప్పరు. బ్రిటిష్ బ్రాస్ బ్యాండ్లు 1960ల దాకా పై శ్రుతిలో వాయించేవి. ఇప్పటి ప్రమాణంలో 'ఏ' (A) అనే స్వరం సెకనుకు 440 కంపనాలు, అప్పట్లో 452 పైచిలుకు. కీబోర్డు మీద ఒక మెట్టులో ఇంచుమించు సగం తేడా. అప్పటి పాత వాయిద్యాలు ఇప్పటికీ పాత బ్యాండ్ల దగ్గర ఉన్నాయి. చూడ్డానికి అందంగా ఉంటాయి, ధ్వనీ గంభీరంగా ఉంటుంది. కానీ ట్యూనింగ్ స్లైడు (శ్రుతి సరిచేయడానికి బయటికి లాగే గొట్టం) మొత్తం లాగినా మీ చర్చి కీబోర్డుతో కలవవు. అందుకని చూడ్డానికి వెళ్లేటప్పుడు చిన్న కీబోర్డు ఒకటి పట్టుకెళ్లు. ఫోన్‌లోని ట్యూనర్ యాప్‌లు కింది స్వరాలను ఒక్కోసారి పట్టుకోలేవు, నీ చెవినే నమ్ముకో. ఏ వాల్వూ నొక్కకుండా వచ్చే స్వరాలన్నీ ఒక్కొక్కటే కీబోర్డుతో కలిపి ఊదు. బీ ఫ్లాట్ ట్యూబా మీద అలా వచ్చే డి స్వరం కాస్త కిందికి ఉండటం సహజం, దానికి వంక పెట్టకు. మిగతావి కుదరాలి.

తర్వాత వాల్వులు. ఏదీ నొక్కకుండా ఒక్కో వాల్వు స్లైడును కొంచెం బయటికి లాగు, కాసేపాగి అప్పుడు ఆ వాల్వు నొక్కు. 'టప్'మంటే గాలి బిగువుగా ఉన్నట్టు. చప్పుడు రాకపోతే పిస్టన్ అరిగిపోయింది, బేరం ఆపెయ్. పిస్టన్ బయటికి తీసి వెలుతురులో చూడు, పూత లేచి గుంటలు పడి ఉంటే అది కూడా అరుగుదలే. బెల్ (ధ్వని బయటికొచ్చే వెడల్పాటి నోరు) మీద సొట్టలకు భయపడకు, అవి ధర తగ్గించడానికి పనికొస్తాయి. మౌత్‌పీస్ (పెదవులు ఆనించి ఊదే భాగం) దూరే సన్నని గొట్టం మీద సొట్ట ఉంటే మాత్రం ఆలోచించు, ధ్వని అక్కడే పాడవుతుంది. ఆ గొట్టం మీదే గులాబీ రంగు మచ్చలున్నాయేమో చూడు. ఇత్తడిలోని జింకు పోయి రాగి మిగిలిన గుర్తు అది, లోపల గొట్టం పలచబడింది. స్లైడ్లన్నీ చేత్తో కదలాలి. బిగుసుకుపోయినదాన్ని అమ్మేవాడు పట్టుకారుతో లాగబోతే వద్దని చెప్పు.

మన సముద్రపు గాలి సంగతి నీకు చెప్పక్కర్లేదు. బీచ్ రోడ్డులో వాయించి వచ్చిన రోజు మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ట్యూబా ఒళ్లంతా తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టు. స్లైడ్లకు గ్రీజు రాస్తూ ఉండు. నిగనిగలాడే లక్క పూత గీతలు పడ్డచోటల్లా చిలుం పడుతుంది. వెండి పూత నల్లబడుతుంది గానీ పాలిష్ చేస్తే పోతుంది. నన్నడిగితే ఇక్కడ వెండి పూతే మేలు.

ఎక్కడ వెతకాలంటే, పూర్ణా మార్కెట్, డాబా గార్డెన్స్ చుట్టుపక్కల దుకాణాల్లో నాలుగు వాల్వుల ట్యూబా మచ్చుకైనా కనపడదు. నేవీలో చేసి రిటైరై మల్కాపురం, సింధియా వైపు స్థిరపడ్డ బ్యాండు మాస్టార్లను కలువు. ఎవరి దగ్గర ఏది ఉందో, ఏ చర్చి పాతదాన్ని అమ్మబోతోందో వాళ్లకు తెలుస్తుంది. ఒకరిని వెంట తీసుకెళ్తే నువ్వు దూరంగా నిలబడి ఆయన ఊదగా వినొచ్చు కూడా. ట్యూబా ధ్వని ఊదేవాడికి ఒకలా, పది అడుగుల దూరంలో ఇంకోలా ఉంటుంది.

మౌత్‌పీస్‌కు కొంత డబ్బు పక్కన పెట్టుకో. సెకండ్ హ్యాండ్‌దాంతో వచ్చేది చాలాసార్లు అంచు అరిగిపోయి ఉంటుంది. నీ వయసుకు బాక్ కంపెనీ 18 నంబరుది గానీ, కాస్త చిన్నది కావాలంటే బాక్ 24ఏడబ్ల్యూ గానీ సరిపోతుంది. కొనేముందు నీ ట్యూబాలో దాని కాడ దూరే లోతు చూసుకో. కొన్ని పాత ఈ ఫ్లాట్‌లకు సన్నకాడ మౌత్‌పీస్ కావాలి, మామూలుది వాటిలో కొసకే ఆగిపోతుంది.