పబ్లిక్ ల్యాండ్‌లో తొలిసారి మాటు వేసే మేనల్లుడికి

అల్లుడూ,

ఇరవై గజాల నుంచి వేసిన బాణాలన్నీ అరచేతి వెడల్పులో దిగుతున్నాయట, మీ అమ్మ చెప్పింది. మురిసిపోతూ ఏమీ చెప్పలేదులే, "వాణ్ణి చెడగొట్టింది నువ్వే" అంటూ చెప్పింది. ఆ నింద నాకు అలవాటే. మన దేశంలో 1972 వన్యప్రాణుల చట్టం వచ్చాక జింక మీద చెయ్యి వేస్తే జైలే. ఇక్కడ మిషిగన్‌లో లైసెన్సు, చంపిన జింకకి కట్టే ట్యాగు తీసుకుని దర్జాగా వేటాడొచ్చు. అలాగని ఊళ్ళో తాతలు చెప్పుకునే షికారు కథలు నెత్తికెక్కించుకుని అడవికి పోకు.

సీజన్ సంగతి నీకు తెలిసిందే. అక్టోబర్ 1 నుంచి నవంబర్ 14 దాకా విల్లు, 15న తుపాకులు దిగుతాయి, డిసెంబర్ 1 నుంచి మళ్ళీ విల్లు. తుపాకుల రోజుల్లో విల్లు పట్టుకున్నా నారింజ రంగు తొడుక్కోవాల్సిందే. రూల్స్ పుస్తకం ఏటేటా మారుతుంది, పోయినేడాది మాట నమ్ముకోకు.

వాటర్‌లూ వైపు వెళ్తానన్నావట. అది పబ్లిక్ ల్యాండ్, అంటే అందరికీ తెరిచి ఉన్న ప్రభుత్వ అడవి. ఇరవై వేల ఎకరాల పైమాటే. మ్యాపులో చూస్తే అంతా నీదే అనిపిస్తుంది. చీకటితో అక్కడ బండి ఆపినప్పుడు తెలుస్తుంది, ఎంతమందిదో. నువ్వు అనుకున్న చోట అప్పటికే ఒక ట్రక్కు ఉంటే ఇంజను ఆపకుండానే రెండో చోటుకి పో. అక్కడా ఉంటే మూడోది. ఈ మూడు చోట్లూ ముందురోజు రాత్రి ఇంట్లోనే ఎంచుకుని ఉండాలి. ఒకే చోటు మీద ఆశ పెట్టుకున్నవాడే చీకట్లో ఇంకొకడి చెట్టు కిందికి పోతాడు.

ఎలా తెలుసంటావా? ఆ పని నేనే చేశాను. నవంబర్ మొదటి వారం, తెల్లగా తెల్లారాక, ఆలస్యంగా లేచిన బద్ధకంతో గబగబా నడుస్తున్నా. మంచు పట్టిన ఆకులు కాళ్ళ కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. తలెత్తితే ఓక్ చెట్టు మీద మంచెలో ఒక ముసలాయన. అరవలేదు, తిట్టలేదు. చేయి ఒక్కసారి ఊపాడు, అంతే. నేల చీలితే బాగుండుననిపించింది. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి, ఆయన దిగేదాకా బండి దగ్గర కూర్చుని క్షమాపణ చెప్పాను. ఆయన ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చి ఒక్క మాటన్నాడు: "నీలాంటివాళ్ళు లోపలికి నడిచినప్పుడు జింకలు ఎటు పోతాయో ఎప్పుడైనా చూశావా?" మూడేళ్ళ వేటలో ఒక్కసారీ నాకు తట్టని సంగతి.

అల్లుడూ, పబ్లిక్ ల్యాండ్‌లో జింకల జాడ కన్నా ముందు మనుషుల జాడ చదవాలి. బళ్ళు ఎక్కడ ఆగుతున్నాయి, బూటు గుర్తులు ఎటు పోతున్నాయి, ఎక్కడ అలిసి ఆగిపోతున్నాయి. ఎక్కువమంది తేలిగ్గా నడవగలిగినంత దూరమే పోతారు. దాని అవతల చిత్తడి నేల, మోకాలి లోతు నీళ్ళు ఉంటే, దాని మధ్యలో చాపంత మెరక ఉంటే, నవంబరులో జింకలు అక్కడ పడుకుంటాయి. ఒక్కోసారి అందరూ దాటిపోయే రోడ్డు పక్క పొదల్లోనే ఉంటాయి. ఇంకొకరికి అడ్డం రాకుండా పోవాలని చూస్తే నువ్వు చేరేదీ ఆ చోటికే.

లోపలికి నడిచేటప్పుడు హెడ్‌ల్యాంప్ వెలిగించుకునే నడు. జింక బెదురుతుందని ఆర్పకు, చెట్టు మీదున్నవాడికి నువ్వు మనిషివని తెలియాలి. ఇంకెవరైనా నీవైపే వస్తుంటే ఒకసారి లైటు ఊపు, వాళ్ళే పక్కకి తిరుగుతారు. సాయంత్రం ఆఖరి గంటలో ఎవరి మాటు దగ్గరా తిరగకు. కుక్కతో వాహ్యాళికి వచ్చినావిడ కనిపిస్తే నవ్వి పలకరించు, మొహం మాడ్చుకోకు. ఆ అడవి ఆవిడది కూడా.

మంచె కట్టుకుంటే దాని మీద నీ పేరు, అడ్రసు కింద నుంచి చదవగలిగేలా ఉండాలి. చెట్టుకి మేకులు, మరలు దించకూడదు, బాణం దారి కోసం కొమ్మలు నరకకూడదు. జారితే కింద పడకుండా ఆపే పట్టీ, హార్నెస్, నేల మీదే తగిలించుకుని ఎక్కు. విల్లు వీపున వేసుకుని ఎక్కకు, పైకి చేరాక తాడుతో లాక్కో. మీ అమ్మకి జవాబు చెప్పాల్సింది నేను.

గాలి గురించి ఒక చిట్కా. ఇక్కడి మిల్క్‌వీడ్ మన జిల్లేడుకి చుట్టమే. దాని కాయలో దూది జేబులో పెట్టుకుని, మంచె మీద నుంచి ఒక్కో పోగు వదులు. పొద్దెక్కేకొద్దీ పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడ్డాక పల్లానికి జారుతుంది. నీ వాసన కూడా ఆ దూది పోయిన దారినే పోతుంది. అది జింకలు వచ్చే వైపే పోతుంటే దిగి ఇంటికొచ్చెయ్.

ఇరవై గజాలు దాటితే ఈ ఏడాది బాణం వదలకు. జింక పక్కకి గానీ, కాస్త అవతలికి తిరిగి గానీ ఉండాలి. వదిలాక వెంటనే దిగి పరుగెత్తకు. బాణం మీద నురగతో గులాబీ రంగు నెత్తురుంటే ఊపిరితిత్తులకి తగిలినట్టు, అరగంట ఆగితే చాలు. ముదురు ఎరుపైతే కాలేయం, నాలుగైదు గంటలు. పచ్చగా ఉండి పేడకంపు కొడితే పొట్ట. రాత్రంతా ఆగాలి, ఆ రాత్రి నీకు నిద్ర పట్టదు. తొందరపడి వెంటపడితే అది లేచి మైళ్ళు పోతుంది, మనకి దక్కదు, నరకయాతన పడి ఎక్కడో చస్తుంది. ప్రైవేటు భూమిలోకి పోతే తలుపు తట్టి అనుమతి అడగాలి.

పేగులు తీసేటప్పుడు నడకదారికి, పార్కింగుకి దూరంగా తియ్యి. డెబ్బై రెండు గంటల్లోపు ఆన్‌లైన్లో రిపోర్టు చెయ్యాలి. మాంసం అమ్మడం నేరం, పంచడం మాత్రం ఎంతైనా పంచు. వెనక తొడ నాకు పంపు. మీ అత్తయ్య గోంగూర వేసి వండుతుంది.

ఆఫీసులో సెలవులు అక్టోబర్లో తగలెయ్యకు. మగజింకలు ఆడవాటి వెంటపడి పగలే తిరిగేది నవంబర్ మొదటి రెండు వారాలు. అప్పటికి దాచుకో. జింకని బయటికి లాగడానికి స్లెడ్ నా గరాజ్‌లో ఉంది, ఏ రాత్రయినా ఫోన్ చెయ్యి.

మీ మామయ్య