వెనక్కి వాలి తొక్కే సైకిలుకి మారచ్చా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ మీద రోడ్ బైకు తొక్కుతుంటాను. గంట దాటిందంటే అరచేతులు తిమ్మిరెక్కుతాయి, మెడ పట్టేస్తుంది, సీటు బాధ సంగతి ఇక చెప్పక్కర్లేదు. కాళ్లు ముందుకి చాపి తొక్కే రికంబెంట్ కొంటే ఇవన్నీ పోతాయా? ఆఫీసుకి కూడా దానిమీదే వెళ్లచ్చా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీరు చెప్పిన మూడు బాధలూ చాలావరకు పోతాయండి. ఆఫీసుకి మాత్రం వద్దు.

మామూలు సైకిలు మీద ముందుకి వంగితే ఒంటి బరువు కొంత అరచేతుల మీద పడి, చిటికెన వేలు వైపు వెళ్లే నరం నలుగుతుంది, రోడ్డు కనపడాలంటే మెడ ఎత్తి పట్టుకోవాలి, మిగతా బరువంతా ఆ ఇరుకు సీటు మోయాలి. రికంబెంట్‌లో వీపంతా సీటుకి ఆనుకుంటుంది కాబట్టి చేతులకి బండి తిప్పడం, బ్రేకు, గేర్లు తప్ప వేరే పనుండదు.

కానీ కొత్త బాధలూ ఉన్నాయి. దూరం తొక్కితే కొందరికి పిరుదులు నొప్పెడతాయి, పెడళ్లు సీటుకన్నా ఎత్తులో ఉండే మోడళ్లలో కాలివేళ్లు మొద్దుబారతాయి. మిట్ట వస్తే పెడళ్ల మీద నిలబడి తొక్కే వీల్లేదు, చిన్న గేరు వేసుకుని కాళ్లు గబగబా ఆడించాల్సిందే. ఆఫీసుకి వద్దన్నది కూడా కొంత అందుకే: గుంతో స్పీడ్ బ్రేకరో వస్తే సీటు మీంచి లేవలేరు, ఆ దెబ్బంతా నడుముకే. పైగా చాలా మోడళ్లు కిందకి ఉంటాయి, బస్సు డ్రైవరుకి మీరసలు కనపడరు. వెనక జెండా కట్టి, అద్దాలు పెట్టుకున్నా మన ట్రాఫిక్‌లో నాకు నమ్మకం లేదు.

మీరు తొక్కే ట్రాక్ అయితే బేషుగ్గా ఉంటుంది. కాకపోతే విదేశాల నుంచి మంచి కంపెనీది తెప్పించుకుంటే ఖర్చు లక్షల్లో ఉంటుంది కాబట్టి ముందు తెలిసిన షాపులో మీ బైకునే మీ ఒంటికి సరిచేయించండి. హ్యాండిల్ కాస్త పైకెత్తి, సీటు జరిపి, పట్టినంత వెడల్పు టైర్లు వేయించి కొన్నాళ్లు చూడండి, సగం మందికి అక్కడితో సరిపోతుందని నా అనుకోలు. సైకిలు దిగాక కూడా తిమ్మిరి వదలకపోతే అది సైకిలు సమస్య కాకపోవచ్చు, డాక్టరుకి చూపించుకోండి.

అన్నట్టు, ఇది ముసలివాళ్ల బండి అని ఎవరైనా నవ్వితే పట్టించుకోకండి. 1933లో పారిస్‌లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే రేసరు, షార్ల్ మోషే తయారుచేసిన ఇలాంటి బండి మీద గంటలో 45 కిలోమీటర్లు దాటి 1914 నాటి రికార్డుని కొట్టేశాడు. మరుసటి ఏడే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ఇవి పోటీలకి పనికిరావని తేల్చేసింది. రేసుల్లో లేనిది షాపుల్లోకీ పెద్దగా రాలేదు, మీకు హైదరాబాద్‌లో దొరక్కపోవడానికి అదీ ఒక కారణమే.

ప్రశ్న: మేం ఒహాయోలో ఉంటాం. మా నాన్నగారికి 68, ఊళ్లో ఒకసారి సైకిలు మీంచి పడ్డాక మళ్లీ ఎక్కలేదు. ఇక్కడికి వచ్చినప్పుడు రికంబెంట్ కొనిద్దామనుకుంటున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: రెండు చక్రాలది అస్సలు వద్దమ్మా, దాని బ్యాలెన్స్ బాగా తొక్కేవాళ్లకే అలవాటు కావడానికి టైం పడుతుంది. మూడు చక్రాలది చూడండి. ముందు రెండు చక్రాలుండేవి మలుపుల్లో నిలకడగా ఉంటాయి గానీ చాలావాటిలో సీటు బాగా కింద, మోకాళ్లు సహకరించకపోతే లేవడమే పెద్ద పని. అలాంటప్పుడు ముందు ఒకటి, వెనక రెండు చక్రాలుండి సీటు ఎత్తుగా ఉన్నది మేలు. మీ రాష్ట్రంలోనే లిటిల్ మయామీ ట్రెయిల్ ఉంది కదా, పాత రైలు దారి కాబట్టి పెద్దగా ఎత్తుపల్లాలుండవు, మోటారు వాహనాలు రావు, మొదలుపెట్టడానికి అంతకన్నా ఏం కావాలి.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పాదం పెడల్ మీంచి జారి నేలకి తగిలితే బండి ముందుకెళ్తూ కాలుని కిందకి లాగేస్తుంది, ఎముక విరిగేంత దెబ్బ తగలచ్చు, కాబట్టి మడమని పట్టి ఉంచే పట్టీలున్న పెడళ్లే వేయించండి. ఇక పార్కింగ్ బ్రేకు లేని బండి కొనకండి, ఆయన లేవబోయేసరికి అది దొర్లిపోతుంది. షాపుకి ఆయన్నే తీసుకెళ్లి నాలుగైదుసార్లు కూర్చుని లేవమనండి, తొక్కి చూడటం ఆ తర్వాత.