అడ్మిన్ పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్ అయింది, సర్వర్‌లోకి వెళ్లేదెలా?

ప్రశ్న: మా ఆఫీసులో యాక్టివ్ డైరెక్టరీ (యూజర్లని, కంప్యూటర్లని ఒకచోట నుంచి నడిపే విండోస్ వ్యవస్థ) సర్వర్ ఉందండి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ నాకు తెలుసు కానీ గడువు అయిపోయిందట, ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో ఎన్నిసార్లు కొట్టినా లోపలికి రానివ్వట్లేదు. ఫార్మాట్ చెయ్యాల్సిందేనా?

జవాబు: అయ్యో, ఫార్మాట్ మాటే ఎత్తకండి! డొమైన్‌లో (అంటే ఆ సర్వర్ కింద ఉండే యూజర్లు, కంప్యూటర్ల గుంపులో) పాస్‌వర్డ్ గడువు మామూలుగా 42 రోజులు, ఎవరూ మార్చకపోతే అదే ఉంటుంది. మీ పాత పాస్‌వర్డ్ ఇంకా పనికొస్తుంది, కాకపోతే రిమోట్ డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ అని ఒకటుంటుంది, అది స్క్రీన్ చూపించకముందే పాస్‌వర్డ్ చెక్ చేసేస్తుంది, గడువు దాటింది అనగానే బయటికి నెట్టేస్తుంది, ఇక కొత్తది పెట్టుకునే పేజీ మీకు కనిపించేదెక్కడ?

అందుకే సర్వర్ దగ్గరికే వెళ్లి కీబోర్డు ముందు కూర్చోండి, వర్చువల్ మెషీన్ (ఇంకో కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచేది) అయితే దాని కన్సోల్, అంటే దాని స్క్రీన్‌ని నేరుగా చూపించే విండో తెరవండి. పాతది కొడితే మార్చుకోమని అదే అడుగుతుంది. మామూలు సెట్టింగుల్లో చివరి 24 పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి పాతవాటితో మోసం చేద్దామంటే కుదరదు. ఇంకో డొమైన్ అడ్మిన్ ఉంటే మరీ సులువు, యాక్టివ్ డైరెక్టరీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్ అనే టూల్‌లో మీ పేరు మీద రైట్ క్లిక్ చేసి రీసెట్ కొట్టమనండి.

మార్చాక అసలు తలనొప్పి మొదలయ్యేది బ్యాకప్ జాబులతో, షెడ్యూల్డ్ టాస్కులతో. ఎవరో మహానుభావుడు వాటిని ఇదే అకౌంట్‌తో పెట్టి ఉంటాడు (దాదాపు ప్రతి ఆఫీసులో ఒకడుంటాడు లెండి), అన్నీ పాత పాస్‌వర్డ్‌తోనే తలుపు కొడుతుంటాయి. సర్వీసుల (వెనకాల నడిచే ప్రోగ్రాముల) లిస్టు తీసి లాగాన్ కాలమ్ చూసి, టాస్కులైతే టాస్క్ షెడ్యూలర్‌లో చూసి, ఒక్కోటీ మార్చుకుంటూ రండి. ఈలోగా రెండో అడ్మిన్ అకౌంట్ ఒకటి చేసి పెట్టుకోండి.