నూనె, నెయ్యి మానేస్తే వీర్యకణాలు పెరుగుతాయా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. చీమకుర్తిలో గ్రానైట్ లారీ నడుపుతాను. పెళ్లై మూడేళ్లయినా పిల్లలు లేరు. పరీక్షలో వీర్యకణాలు మిల్లీలీటరుకు 1.1 కోట్లు, కదలిక 28 శాతం వచ్చింది. నూనె, నెయ్యి పూర్తిగా మానేయమని ఒకరు, రోజూ నెయ్యి దండిగా తినమని ఇంకొకరు చెబుతున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

సమాధానం: రెండు మాటలూ పక్కన పెట్టండి. వీర్యకణాల తయారీకి కావాల్సిన పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్ తయారయ్యేదే కొలెస్టరాల్ నుంచి. కొవ్వు మరీ తగ్గిస్తే ఆ హార్మోన్ కూడా కొంత పడిపోతుంది. అలాగని నెయ్యి గుమ్మరించుకోవడమూ మంచిది కాదు. డెన్మార్క్‌లో 701 మంది యువకులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, సంతృప్త కొవ్వు (నెయ్యిలో ఎక్కువగా ఉండేది ఇదే) అందరికంటే ఎక్కువ తినేవారిలో కణాల సాంద్రత 38 శాతం తక్కువగా కనిపించింది. కొవ్వే కారణమని దీంతో తేలిపోలేదు కానీ, జాగ్రత్తపడటానికి ఇది చాలు. అన్నంలోకి రోజుకు ఒకటి రెండు టీస్పూన్ల నెయ్యి చాలు.

అసలు చూసుకోవాల్సింది ఏ రకం కొవ్వు తింటున్నారన్నది. వీర్యకణం పైపొరలో డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఎక్కువ. ఆ పొర మెత్తగా వంగుతుంటేనే తోక ఆడుతుంది, కణం ముందుకు ఈదుతుంది. డీహెచ్‌ఏ నేరుగా దొరికేది సముద్రపు చేపల్లో. కొత్తపట్నం వైపు నుంచి వచ్చే కవళ్లు, కానాగంతలు చవకే. వారానికి రెండుసార్లు, పూటకు 100–150 గ్రాములు తినండి. వేపుడు వద్దు, పులుసు పెట్టించుకోండి. చేపలు తినకపోతే అవిసెగింజల పొడి రోజుకు ఒక టేబుల్ స్పూన్ తీసుకోండి. అయితే అందులోని ఒమేగా-3 మన ఒంట్లో డీహెచ్‌ఏగా మారేది కొంచెమే.

ఇదే పొర తేలిగ్గా ఆక్సీకరణ చెంది దెబ్బతింటుంది కూడా. పొగాకు, గుట్కా ఆ నష్టాన్ని పెంచుతాయి. రోడ్డు పక్క బండ్లమీద పాత నూనెలోనే కొత్తది పోస్తూ మళ్లీ మళ్లీ కాచి బజ్జీలు, పునుగులు వేస్తుంటారు. డ్యూటీలో మీకు దొరికే తిండి అదే అయితే ముందు మార్చాల్సింది దాన్నే. వనస్పతితో చేసే బేకరీ పఫ్‌లూ అంతే. ఇంట్లో వేరుశనగ, నువ్వుల నూనె వాడండి. మనిషికి నెలకు 500–600 మిల్లీలీటర్లు దాటనివ్వకండి.

క్యాబిన్‌లో గంటల తరబడి కూర్చుంటే వృషణాలకు వేడి తగులుతుంది. రెండు గంటలకోసారి దిగి నడవండి. బిగుతు జీన్స్ వద్దు. జిమ్‌లో ఎవరైనా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఇస్తామంటే అస్సలు ఒప్పుకోకండి, బయటి నుంచి ఎక్కించే ఆ హార్మోన్ కణాల ఉత్పత్తినే ఆపేస్తుంది.

ఒక్క రిపోర్టు చూసి కుంగిపోవద్దు. 2021 ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో కనీస హద్దు మిల్లీలీటరుకు 1.6 కోట్లు, కదలిక 42 శాతం. మీవి తక్కువే కానీ ఆశ వదులుకునేంత కాదు. కణం తయారై బయటికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది కాబట్టి, తిండి మార్చిన ఫలితం వారంలో కనిపించదు. మూడు నెలల తర్వాత, 2 నుంచి 7 రోజులు కలయిక లేకుండా ఉండి మళ్లీ పరీక్ష చేయించండి. ఈలోగా యూరాలజిస్టును కలవండి. వృషణాల దగ్గర సిరలు ఉబ్బి ఉన్నాయేమో ఆయన చేత్తోనే చూసి చెబుతారు. మీ ఆవిడను కూడా ఇప్పుడే గైనకాలజిస్టుకు చూపించండి, మీ రెండో రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు.