షెడ్డు పొగకి లివర్ పాడవుతుందా?

మీ తమ్ముడు ఆటోనగర్ షెడ్డులో మెకానిక్, సాయంత్రానికి తల పగిలిపోతోంది, పైగా రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) ఎక్కువొచ్చింది, ఇదంతా బండి పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ వల్లేనా అని కదా అడిగారు. గాజువాక వైపు పెట్రోలు బండ్ల పని చాలా ఏళ్లు చేసినవాడిగా నా మాట: తలనొప్పికైతే ఆ గ్యాస్‌నే ముందు అనుమానించండి, లివర్ సంగతి మాత్రం దానొక్కదాని మీదే తోసేయకండి.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి ముందు దెబ్బ మెదడుకీ గుండెకీ. బాగా పీల్చి పడిపోయినవాళ్లకి ఆక్సిజన్ అందక లివర్ కూడా దెబ్బతినొచ్చు గానీ, రోజూ కొద్దికొద్దిగా పీల్చేవాడికి ఎస్‌జీపీటీ పెరిగితే ఒంటి బరువు, షుగరు, హెపటైటిస్ బి, సి, పెయింట్ థిన్నర్, తాగుడు అలవాటు, అన్నీ చూడాలి.

మా షెడ్డులో వానాకాలం జల్లు కొడుతోందని షట్టరు సగం దించేసి, లోపల ఇంజన్ ఆన్‌లో పెట్టే ట్యూనింగ్ చేసేవాళ్లం. నాలుగింటికల్లా అందరికీ కణతలు లాగేవి. మాలో ఒకతను చొక్కా జేబులోంచి పారాసిటమాల్ స్ట్రిప్పు తీసి, ఒక్కోసారి రెండేసి మాత్రలు టీతోనే మింగేసేవాడు, రాత్రికి క్వార్టర్ సరేసరి. రోజూ తాగేవాడు మోతాదు చూసుకోకుండా ఆ మాత్ర వేస్తే లివర్‌కి ముప్పే. అంటే పొగ నేరుగా కాకపోయినా ఇలా దొడ్డిదారిన లివర్ దాకా వెళ్లగలదు. మీవాడు ఏ మాత్ర ఎన్ని వేస్తున్నాడో, ఎంత తాగుతున్నాడో డాక్టరుకి దాచకుండా చెప్పించండి (మీరు పక్కనుంటే చెప్పడేమో, కాసేపు బయట కూర్చోండి).

పల్స్ ఆక్సీమీటర్‌లో 98 వచ్చిందని ఊరుకోకండి, మామూలు మీటరు ఈ గ్యాస్ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్నట్టే చూపిస్తుంది. ఈ గ్యాస్ రక్తానికి ఎంత పట్టిందో చెప్పే కార్బాక్సీహిమోగ్లోబిన్ అనే రక్తపరీక్ష ఉంది, డాక్టర్ని అడిగి డ్యూటీ దిగిన వెంటనే చేయించాలి. మంచి గాలిలో నాలుగైదు గంటలకే సగం దిగిపోతుంది, మర్నాడు పరగడుపున ఇస్తే ఏం తెలుస్తుంది? సిగరెట్ తాగితే అదీ చెప్పాలి, దానికీ పెరుగుతుంది.

షెడ్డులో సైలెన్సర్‌కి గొట్టం తగిలించి పొగ బయటికి వదలాలి, టేబుల్ ఫ్యాన్ లోపలి గాలినే తిప్పుతుంది. ఓనరు వినకపోతే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఈ గ్యాస్‌కి 8 గంటల సగటు 50 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 50 పాళ్లు) అని పరిమితి ఉండేదని చెప్పండి. ఎవరికైనా వాంతి, తూలు, మగత వస్తే ముందు బయటికి లాగి 108కి ఫోన్ చేయాలి.

ఇంతకీ సెలవు రోజు ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఆ తలనొప్పి వస్తోందా? అది రాయండి.