సమాధానం: స్ప్రూస్ దూలం నమూనా మొదటి అడుగులోనే ఎందుకు ఆగిపోతోంది

యాన్సిస్‌లో (నిర్మాణాలను కంప్యూటర్‌పై విశ్లేషించే ప్రోగ్రామ్) మీ స్ప్రూస్ కలప దూలం నమూనా మొదటి అడుగులోనే ఆగిపోతోందని అడిగారు. మీరు రాసిన విలువలు చూశాను. సి24 (కలప బలాన్ని బట్టి ఇచ్చే ఒక శ్రేణి) స్ప్రూస్‌కు స్థితిస్థాపక గుణకం, అంటే సాగుదలను ఎదిరించే గట్టిదనం, నార వెంబడి 11,000, నారకు అడ్డంగా 370 మెగాపాస్కల్స్ సరైనవే. దోషం 0.4 అనే పాయిజాన్ నిష్పత్తిలో (ఒక దిశలో లాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పే అంకె) ఉంది. నిజానికి అంకె తప్పు కాదు, దాన్ని పెట్టిన గడి తప్పు.

యాన్సిస్‌లో పీఆర్ఎక్స్‌వై, ఎన్‌యూఎక్స్‌వై అని రెండు గడులుంటాయి. మీరు 0.4ను రెండవదానిలో పెట్టారు. నార వెంబడి లాగినప్పుడు అడ్డంగా కలిగే సంకోచానిది ఆ 0.4, కాబట్టి అది పీఆర్ఎక్స్‌వైలో ఉండాలి. అడ్డంగా లాగినప్పటి నిష్పత్తి 0.4 × 370 / 11,000, అంటే సుమారు 0.013 మాత్రమే. ఈ రెండవ నిష్పత్తి 0.18 దాటితే దృఢతా మాత్రిక (పదార్థం గట్టిదనాన్ని అన్ని దిశల్లో చెప్పే అంకెల పట్టిక) భౌతికంగా అసాధ్యమవుతుంది. ప్రోగ్రామ్ ఆగిపోవడం మీకు మేలే చేసింది.

కోత గుణకాన్ని (పొరలు ఒకదానిపై ఒకటి జారకుండా ఎదిరించే గట్టిదనం) ఉక్కుకు వాడే సూత్రంతో లెక్కించకండి, దయచేసి. అలా చేస్తే దాదాపు 3,900 మెగాపాస్కల్స్ వస్తుంది, సి24కు ఉండవలసింది 690. లోతైన దూలంలో ఈ తేడా వంపును బాగా తగ్గించి చూపుతుంది.

వంపు తిరిగిన గ్లూలామ్ (పలకలను జిగురుతో అతికించి చేసిన దూలం) అయితే ప్రతి మూలకానికీ, అంటే నమూనాను విభజించిన ప్రతి చిన్న ముక్కకీ, అక్షాలను నార వెంట తిప్పాలి. శాశ్వత భారం కింద కాలక్రమేణా పెరిగే వంపుకు, వేడిచేసిన భవనం లోపల, యూరోకోడ్ 5 (కలప నిర్మాణాలకు ఐరోపా ప్రమాణం) ప్రకారం తక్షణ వంపును 1.6తో గుణించండి.