సమాధానం: ఉప్పు చల్లినా మెట్లపై మంచు కరగకపోతే
ఉప్పు చల్లినా మెట్లపై గడ్డకట్టిన మంచు కరగడం లేదని, మీ నాన్నగారు ఇప్పటికే రెండుసార్లు జారారని రాశారు. చలి సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ దాటితే మామూలు ఉప్పు ప్రభావం బాగా తగ్గిపోతుంది కనుక, ముందుగా పారతో మంచును తీసేసి, మిగిలిన పొరపై కాల్షియం క్లోరైడ్ చల్లండి. అది కరిగేటప్పుడు వేడిని విడుదల చేస్తుంది, అంతకన్నా తీవ్రమైన చలిలోనూ పనిచేస్తుంది. అది దొరక్కపోతే ఇసుక చల్లండి. మంచును కరిగించదు గానీ కాలికి పట్టునిస్తుంది. వేడినీళ్లు మాత్రం పోయకండి, ఆ పొరపాటు నేనూ ఒకసారి చేశాను, కాసేపటికే మెట్లు గాజుపలకల్లా తయారయ్యాయి. నాన్నగారిని చేతులు జేబుల్లో పెట్టుకోకుండా, కమ్మీ పట్టుకొని, పాదమంతా ఆనేలా చిన్న అడుగులు వేయమనండి. ఆయన రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతూ, పడినప్పుడు తలకు దెబ్బ తగిలి ఉంటే, నొప్పి లేకపోయినా వెంటనే వైద్యునికి చూపించండి.